పాస్టరు లేని ఆదివారాలు: టాంజానియా పల్లె లూథరన్ మండలం నడిచే తీరు

టాంజానియా పల్లెల్లో ఆదివారం ఉదయం లూథరన్ ఆరాధన జరిగే చోట్లలో చాలా వాటిలో పాస్టరు ఉండరు. ఇది ఈ మధ్య వచ్చిన కొరత అనుకుంటే పొరపాటు. నూరేళ్లకు పైగా ఆ సంఘం నడుస్తున్నదే అలా.

టాంజానియా ఎవాంజలికల్ లూథరన్ సంఘానికి 60 లక్షలకు మించిన సభ్యులున్నారు. ప్రపంచంలోని పెద్ద లూథరన్ సంఘాలలో అది ఒకటి. స్వాహిలిలో దాన్ని పొట్టిగా కేకేకేటీ అంటారు. అరూషాలోని కేంద్ర కార్యాలయం, ఇరవైకి పైగా డయాసిస్‌లు (ఒక్కో బిషప్పు పర్యవేక్షణలో ఉండే ప్రాంతాలు), వాటి బిషప్పులు, మకుమీరాలోని విశ్వవిద్యాలయం, కిలిమంజారో పాదాన మోషీ పట్టణంలో 1971లో మొదలైన పెద్ద రెఫరల్ ఆస్పత్రి వంటివే బయటివారు రాసే కథనాల్లో కనిపిస్తాయి. 2022 జనాభా లెక్కల ప్రకారం 6 కోట్ల 17 లక్షల మంది ఉన్న ఆ దేశంలో దాదాపు మూడింట రెండు వంతుల మంది గ్రామీణులే. ఆ గ్రామాల్లో సంఘం నిలబడటానికి ఆధారమైనవారు వేరే ఉన్నారు. ఒకటి, డయాసిస్‌కు ఒక మెట్టు కింద ఉండే మండలం. రెండు, అంతకన్నా చాలా కింద, జీతం అని చెప్పుకోదగ్గది లేకుండా పనిచేసే సువార్తికుడు.

వ్యవస్థ మెట్లుమెట్లుగా ఉంటుంది. డయాసిస్ కింద జింబో, అంటే మండలం. మండలంలో కొన్ని ఉషారికలు, అంటే పేరిష్‌లు. ప్రతి పేరిష్‌కూ ఒక ప్రధాన మందిరం, దాని చుట్టూ కొండ మలుపులోనో వాగు అవతలో కొన్ని ఉపసంఘాలు ఉంటాయి. వీటన్నిటికీ అడుగున జుముయియాలు. ఇరుగుపొరుగు కుటుంబాలు వారంలో ఒకరోజు తెల్లవారుజామునో సాయంత్రమో ఒక ఇంటి ముంగిట చేరి పాట, వాక్యం, ప్రార్థన, కాస్త కానుకతో ముగించే చిన్న బృందాలివి. పాస్టరు పేరిష్ మొత్తానికి ఒక్కరే ఉంటారు. ఉపసంఘాలకు ఆయన వంతులవారీగా వెళ్తారు. ప్రభురాత్రి భోజనం, బాప్తిస్మం, పెళ్లి ఆయన వచ్చిన రోజుకే జరుగుతాయి. మిగతా ఆదివారాలన్నీ సువార్తికుడివే. వాక్యం చెప్పేది, కన్ఫర్మేషన్ తరగతులు నడిపేది, జబ్బుపడ్డవారి ఇంటికి మొదట వెళ్లేది, చనిపోయిన ఇంట రాత్రి కూర్చునేది అతనే. బైబిలు పాఠశాలలో కొంతకాలం చదివి వచ్చిన ఇతను మిగిలిన రోజుల్లో అందరిలాగే మొక్కజొన్న చేనులోనో అరటి తోటలోనో పనిచేసుకుంటాడు. ఆంధ్ర లూథరన్ సంఘాల్లో పెరిగినవారికి ఈ మనిషిని వేరుగా పరిచయం చేయనక్కరలేదు. మన పల్లెల్లో ఉపదేశి చేసిన పని దాదాపు ఇదే.

ఈ ఏర్పాటు ఎంత గట్టిదో తేల్చింది చరిత్రే. జర్మనీకి చెందిన లైప్‌జిగ్ మిషన్ వారు 1893లో కిలిమంజారో వాలులోని మచామేకు వచ్చారు. అప్పటికే ఆ మిషన్ తమిళనాట అర్ధశతాబ్దంగా పనిచేస్తోంది. బెర్లిన్ మిషన్ వారు 1891లో దక్షిణపు ఎత్తైన నేలల్లో అడుగుపెట్టారు. బేతెల్ మిషన్ ఉసంబరా కొండల్లో పని మొదలుపెట్టింది. అప్పట్లో ఆ దేశం జర్మన్ తూర్పు ఆఫ్రికా. మొదటి ప్రపంచ యుద్ధంలో అది బ్రిటిష్‌వారి చేతికి వెళ్లాక జర్మన్ మిషనరీలను నిర్బంధించి, 1920 నాటికి దేశం నుంచి పంపించేశారు. రెండో యుద్ధం మొదలయ్యాక మళ్లీ అదే జరిగింది. రెండుసార్లూ అమెరికాలోని అగస్టానా లూథరన్ సంఘం కొంత బాధ్యత తీసుకున్నా, విశాలమైన ఆ ప్రాంతాలకు వారు పంపగలిగినది కొద్దిమందినే. పాఠశాలలు తెరిచి ఉంచినవారు, ఆరాధన ఆపకుండా నడిపినవారు స్థానిక ఉపాధ్యాయులు, సువార్తికులు, పెద్దలు. మిషన్ చరిత్రలు ఈ కాలాన్ని 'అనాథ సంఘాల కాలం'గా చెప్పడం పరిపాటి. ఆ మాటలో కొంత అతిశయం ఉంది. తండ్రి దూరమయ్యాడని మిషన్లు బాధపడుతున్న ఆ రోజుల్లోనే ఇల్లు తనంతట తాను నడవడం నేర్చుకుంది. కిలిమంజారో వాలుల్లో ఉండే ఛగ్గా ప్రజల్లోంచి వచ్చిన పాస్టర్ల తొలి అభిషేకాలు 1930లలో గాని జరగలేదు. అంటే పాస్టరు కంటే ముందు సువార్తికుడు వచ్చాడు, ముందే సంఘాన్ని మోశాడు.

మండలాల ఆకారం వెనుక మరో మనిషి ముద్ర కూడా ఉంది. 1902 నుంచి 1938 వరకు, యుద్ధం తెచ్చిన విరామం మినహా, ఛగ్గా ప్రజల మధ్య పనిచేసిన బ్రూనో గుట్‌మాన్, వంశం, ఇరుగుపొరుగు, ఈడువారి జట్టు అనే మూడు పాత బంధాలనే సంఘానికి పునాది చేయాలని వాదించాడు. ఒకే ఏడు కన్ఫర్మేషన్ పొందిన పిల్లలను జట్లుగా కట్టి, ఒకరికొకరు బాధ్యులుగా ఉండేలా చేయడం ఆయన పద్ధతి. మారిపోతున్న సమాజాన్ని మారని బొమ్మగా నిలబెట్టబోయాడన్న విమర్శ ఆయనపై ఉంది, అది న్యాయమైనదే. కాఫీ డబ్బు, బడి చదువు, పట్నం ఉద్యోగం ఆ పాత బంధాలను అప్పటికే వదులు చేస్తున్నాయి. అయినా నేటి జుముయియాను చూస్తే, పొరుగిల్లే సంఘానికి కనీస ప్రమాణమన్న ఆయన ఊహ పూర్తిగా వృథా కాలేదని ఒప్పుకోవాలి.

ఇక ఆదివారం సంగతి. చాలా చోట్ల గంట అంటే చెట్టుకొమ్మకు వేలాడదీసిన పాత లారీ చక్రపు ఇనుప రిమ్ము. దాన్ని ఇనుప కడ్డీతో కొడితే లోయ అవతలకు వినిపిస్తుంది. లోపల వీపు ఆనని బల్లలు, ఒక వైపు ఒకే రంగు దుస్తుల్లో గాయక బృందం. ఒక్కో మందిరంలో రెండు మూడు బృందాలు ఉండటం, వారి మధ్య పోటీ కొంచెం ఘాటుగానే ఉండటం మామూలు. ప్రసంగంతో సమానంగా శ్రద్ధగా వినేది ప్రకటనలను. కిందటి ఆదివారం ఎంతమంది వచ్చారు, కానుక ఎంత పడింది, ఏ జుముయియా ఎంత తెచ్చింది, ఎవరి పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అన్నవి వరసగా చదువుతారు. ప్రతి ఇంటికీ నంబరు వేసిన కవర్లు ఇస్తారు. ఏడాదికి ఇంత ఇస్తామని మాట ఇచ్చిన మొత్తాన్ని కవరులో పెట్టి వేస్తే, కోశాధికారి ఆ నంబరు ఎదుట రాసుకుంటాడు. 2008లో ఫోను ద్వారా డబ్బు పంపే ఎం-పెసా సేవ వచ్చాక పట్నంలో ఉన్న కొడుకు ఫోను నుంచే ఊరి మందిరానికి డబ్బు పంపడం సాధ్యమైంది. నంబరు కవరు మాత్రం పోలేదు.

ఆరాధన అయ్యాక అసలు సందడి బయట మొదలవుతుంది. జనం పాడుతూ వరసగా బయటికొచ్చి, ఒకరి చెయ్యి ఒకరు కలుపుతూ పెద్ద వలయంగా నిలబడతారు. నోట్లు లేనివారు తెచ్చిన అరటి గెల, నాలుగు గుడ్లు, సేరెడు చిక్కుడు గింజలు, కాళ్లు కట్టిన కోడి, చెరకు గడల కట్ట మధ్యలో ఉంటాయి. మాటకారి అయిన సంఘ పెద్ద ఒకరు వేలం పాడతాడు. సంతలో అంత పలకని ధర ఇక్కడ పలుకుతుంది. కొన్నవాడు వస్తువును మళ్లీ సంఘానికే ఇచ్చేసి రెండోసారి పాట పెట్టించడమూ, అతిథి చేతిలోనో ముసలమ్మ చేతిలోనో పెట్టడమూ జరుగుతుంటుంది. మన కోత పండుగలో గుమ్మడికాయకు, కోడిపుంజుకు పాట పెట్టడం చూసినవారికి ఇది తెలిసిన దృశ్యమే. తేడా ఏమిటంటే, ఇక్కడ ఏడాదికి ఒకసారి జరిగేది అక్కడి అనేక పల్లెల్లో వారం వారం జరుగుతుంది. పండిన దాన్ని డబ్బుగా మార్చే బజారు దూరంగా ఉన్నచోట ఆ పని మందిరం వాకిలి చేస్తుంది. చేతిలో నాణెం లేని వితంతువు కూడా ఇచ్చేవారి వరసలో నిలబడగలుగుతుంది. ఎవరు ఎంత పెట్టగలరో, ఎవరు పెట్టడం లేదో ఊరందరికీ అక్కడే తెలిసిపోతుందన్నది ఇదే వేలానికి రెండో ముఖం. ఆ ఒత్తిడి లేదని చెప్పడం అమాయకత్వం.

ఈ డబ్బు ఎటు పోతుందన్నదే మండలం అవసరాన్ని అర్థం చేసుకోవడానికి అసలు తాళంచెవి. పేరిష్ తన రాబడిలో నిర్ణీత భాగాన్ని పైకి పంపాలి. అందులోంచే పాస్టర్ల జీతాలు, బైబిలు పాఠశాల ఖర్చు, డయాసిస్ కార్యాలయం నడుస్తాయి. పైకి డబ్బు వెళ్తే, కిందికి పాస్టరు వస్తాడు. ఈ బేరంలో బలహీనమైన పేరిష్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. దక్షిణపు ఎత్తు ప్రాంతాల్లో వర్షాకాలం ఏడాదికి ఒకటే. మొక్కజొన్న ఇంటికొచ్చిన నెలల్లో కానుక పెట్టె నిండుతుంది, జనవరి నుంచి కొత్త పంట వచ్చేదాకా దాదాపు ఖాళీ. అదే జనవరిలో బడి సంవత్సరం కూడా మొదలవుతుంది. కాబట్టి పేరిష్ బాకీలు పేరుకుపోవడం అక్కడ నేరం కాదు, రుతువు. ఆ బాకీని ఎంతవరకు ఓర్చుకోవాలి, ఏ పేరిష్ నిజంగా కష్టంలో ఉంది, ఏది సాకులు చెబుతోంది అన్నది డయాసిస్ కార్యాలయంలో కూర్చుంటే తెలియదు. వాగులు, చేలు, కుటుంబాలు తెలిసిన మండల పెద్దకు తెలుస్తుంది. ఆయన కూడా పాస్టరే, తరచు తన పేరిష్‌ను తాను చూసుకుంటూనే ఈ పని చేసేవాడు. పైవారికి కింది వారి తరఫున, కింది వారికి పైవారి తరఫున సమాధానం చెప్పడంలోనే ఆయన రోజులు గడుస్తాయి. బలమున్న పేరిష్ బలం లేని దానికి భారం పంచుకోవాలన్న సూత్రం కాగితం మీద సులువు. ఆ మాటను బలమున్నవారి చేత ఒప్పించాల్సింది ఆయన.

మండలం అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు ప్రపంచాలు ఉండవచ్చు. కిలిమంజారో దక్షిణపు వాలు మీద మందిరం నుంచి మందిరానికి నడిచి వెళ్లవచ్చు. కాఫీ, అరటి కలిపి పెంచే ఇంటి తోటలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. రాతితో కట్టిన పాత మందిరాలు, చదువుకున్న పెద్దలు, నగరాల్లో స్థిరపడి క్రిస్మస్‌కు ఊరొచ్చే సంతానం, వారు తెచ్చే విరాళాలు అక్కడి బలం. భూమి చాలక యువకులు ఊరు విడిచిపోవడం, కాఫీ ధర పడినప్పుడు సంఘం నడుము వంగడం అక్కడి బాధ. మాసాయి మైదానంలో లెక్క మొత్తం మారుతుంది. ఉపసంఘానికీ ఉపసంఘానికీ మధ్య దూరం ఎక్కువ, పశువుల వెంట మనుషులూ కదులుతారు, ఆరాధన చాలాచోట్ల ఒక తుమ్మచెట్టు నీడలో. ఎండాకాలంలో మోటారు సైకిలు మీద వెళ్లే పాస్టరు వానలు పడితే రోజుల తరబడి ఇరుక్కుపోతాడు. పశువే సొత్తు కనుక కానుక కూడా మేకగా, దూడగా వస్తుంది; కరవు ఏడు మందతో పాటు రాబడీ చస్తుంది. ఈ రెండు మండలాలకూ ఒకే నియమావళి, ఒకే శాతం, ఒకే నివేదిక పత్రం వర్తింపజేయడం పాలనకు సౌకర్యమే కానీ తెలివైన పని కాదు.

మందిరం కట్టడం ఏళ్ల తరబడి సాగే పని. ఊరివారే మట్టి తొక్కి, ఇటుకలు కోసి, బట్టీ కాల్చి గోడలు లేపుతారు. రేకులకు మాత్రం నగదు కావాలి, అందుకే కప్పు లేని గోడలు వాన దెబ్బలు తింటూ చాలాకాలం నిలబడి ఉండటం కనిపిస్తుంది. విదేశీ సహాయం ఎక్కువగా ప్రవేశించేది ఇక్కడే. ఇరింగా డయాసిస్‌కూ అమెరికాలోని మినెసోటా రాష్ట్రపు సెయింట్ పాల్ ప్రాంత లూథరన్ సినాడ్‌కూ 1980ల చివరి నుంచి నడుస్తున్న బంధం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దాన్ని భుజం భుజం కలిపి అనే అర్థమిచ్చే స్వాహిలి పేరుతో పిలుస్తారు. మినెసోటాలోని ఒక సంఘానికి ఇరింగాలోని ఒక సంఘం జతగా ఉండి ప్రార్థనలు, రాకపోకలు, పిల్లల చదువుకు సాయం పంచుకుంటాయి. ఇటువంటి బంధాల వల్ల చదువుకున్నవారు తక్కువేమీ కాదు. అయితే జత దొరికిన పేరిష్‌కూ దొరకని పేరిష్‌కూ మధ్య కొత్త ఎచ్చుతగ్గులు పుడతాయి. అతిథి వచ్చినప్పుడు చూపించడానికి అనువైన పనులకే ప్రాధాన్యం పెరుగుతుంది. సువార్తికుడి నెల భత్యం ఫొటోలో కనిపించేది కాదు కనుక దానికి దాత దొరకడం కష్టం.

సంఘ జీవితంలో పెద్దల సభకున్న అధికారం బయటివారు ఊహించే దానికంటే ఎక్కువ. పెళ్లి కాకుండా గర్భవతి అయిన యువతి, రెండో భార్యను తెచ్చుకున్న మగవాడు, ఆచారం ప్రకారం తాగుడు పంచిన కుటుంబపెద్ద వంటి వారి విషయాలు ముందు పెద్దల దగ్గరికే వస్తాయి. ప్రభు భోజనానికి దూరం పెట్టడం, తర్వాత సంఘం ఎదుట పశ్చాత్తాపం చెప్పించి తిరిగి చేర్చుకోవడం ఇంకా జీవించి ఉన్న ఆచారాలు. మళ్లీ మందలోకి రావడమని దాన్ని అంటారు. అటువంటి ఆదివారం ఎదుట నిలబడేది ఆడపిల్ల ఒక్కతే కావడం, బిడ్డ తండ్రి ఎక్కడా కనిపించకపోవడం అక్కడి స్త్రీలే ఎత్తిచూపుతూ వచ్చిన అన్యాయం. బహుభార్యాత్వం ఉన్న ఇంట బాప్తిస్మం సంగతి మరీ చిక్కు. మిగతా భార్యలను వదిలేయమని చెబితే వారి బతుకేమవుతుందన్న ప్రశ్నకు నియమం జవాబివ్వదు.

చావు దగ్గర మాత్రం ఈ కఠినత్వం కరిగిపోతుంది. కబురు తెలిసిన గంటలోనే జుముయియా స్త్రీలు కట్టెలు, పిండి, నీళ్లతో వచ్చి వంట మొదలుపెడతారు, మగవారు గొయ్యి తవ్వుతారు, చందా పుస్తకం తెరుచుకుంటుంది. ఈ యంత్రాంగం అసలు పరీక్షకు నిలిచింది కగేరా ప్రాంతంలో. టాంజానియాలో తొలి ఎయిడ్స్ కేసులు 1983లో గుర్తించింది అక్కడే. తర్వాతి సంవత్సరాల్లో నడి వయసు తరమే కరిగిపోతుంటే, బుకోబా కేంద్రంగా ఉన్న వాయవ్య డయాసిస్‌లో అనాథలైన పిల్లలనూ, వారిని పెంచుతున్న అవ్వలనూ చూసుకోవడం సంఘానికి రోజువారీ పని అయింది. ఆ డయాసిస్ బిషప్పుగా పనిచేసిన జోసయా కిబీరా 1977లో దారుస్సలాం మహాసభలో ప్రపంచ లూథరన్ సమాఖ్యకు తొలి ఆఫ్రికన్ అధ్యక్షుడయ్యాడు. లోకం గుర్తుంచుకున్నది ఆ ఎన్నికను. ఆ డయాసిస్ మండలాలకు మాత్రం ఎయిడ్స్ ఏళ్ల అంత్యక్రియలే పెద్ద చరిత్ర.

ఈ పనిలో సింహభాగం స్త్రీలది. ఆరాధనలో ఎక్కువమంది వారే, వేలానికి వచ్చే సరుకు తెచ్చేదీ వారే, పొదుపు బృందాలు నడిపేదీ వారే. స్త్రీలకు పాస్టరు అభిషేకం ఇవ్వవచ్చని 1990లో సంఘం తీర్మానించింది, మరుసటి ఏడే తొలి అభిషేకాలు జరిగాయి. అమలు డయాసిస్‌ల ఇష్టానికి వదలడంతో కొన్నిచోట్ల చాలా ఆలస్యమైంది. తీర్మానం జరిగిన తర్వాత కూడా మండల పెద్ద కుర్చీలో స్త్రీ అరుదే.

బడి, ఆస్పత్రి విషయానికొస్తే ఇక్కడ ప్రభుత్వ విధానం చేసిన మలుపులు ముఖ్యం. దేశం సోషలిస్టు బాట పట్టిన 1967 అరూషా ప్రకటన తర్వాత, 1969 విద్యా చట్టంతో సంఘం నడిపే బడులు చాలావరకు ప్రభుత్వపరమయ్యాయి. పల్లెలో ఉపాధ్యాయుడే సువార్తికుడిగా ఉండే పాత ఏర్పాటు దానితో తెగిపోయింది; ప్రభుత్వ జీతంతో బతికే మనిషి స్థానంలో సంఘం తన చేతి నుంచి పోషించాల్సిన మనిషి వచ్చాడు. సువార్తికుడి నేటి పేదరికానికి మూలాల్లో ఇదొకటి. ఆస్పత్రులు ఎక్కువగా సంఘం చేతిలోనే మిగిలాయి. కొన్నింటిని జిల్లా ఆస్పత్రులుగా గుర్తించి సిబ్బంది జీతాలు ప్రభుత్వమే భరించే పద్ధతి వచ్చింది. 1992లో క్రైస్తవ సంఘాలకూ ప్రభుత్వానికీ మధ్య సాంఘిక సేవలపై ఒప్పందం కుదిరింది. 2016 నుంచి ప్రభుత్వ సెకండరీ చదువు నాలుగో ఫారం (సెకండరీలో నాలుగో ఏడు) వరకు ఫీజు లేకుండా అందుబాటులోకి రావడంతో, అప్పటిదాకా ఫీజుల మీద నడిచిన సంఘపు సెకండరీ బడులకు పిల్లలు తగ్గడం మొదలైంది. పేదపిల్లలకు మేలు చేసిన నిర్ణయం డయాసిస్ ఖాతాకు బరువైంది, దాన్ని తప్పుపట్టడానికి మాత్రం సంఘానికి నోరు రాదు.

ఇటీవలి దశాబ్దాల్లో మరో ఒత్తిడి పెంతెకొస్తు సభలది. స్వస్థత, దయ్యాలను వెళ్లగొట్టడం, రాత్రంతా ప్రార్థన, స్పీకర్లు, కీబోర్డు యువతను లాగుతున్నాయి. లూథరన్ మండలాలు దీన్ని ఎదిరించడం కంటే కలుపుకోవడానికే మొగ్గాయి. 1930లలో రువాండాలో పుట్టి తూర్పు ఆఫ్రికా అంతా పాకిన పునరుజ్జీవన ఉద్యమపు అలవాటు అప్పటికే వారికి ఉంది. స్వస్థత కోసం ఆకలి ఎంతటిదో 2011లో లోలియోండో ప్రాంతంలోని సముంగే గ్రామంలో లోకమంతా చూసింది. అంబిలికిలే మ్వాసాపిలే అనే విశ్రాంత లూథరన్ పాస్టరు ఒక చెట్టు వేరు కాచిన కషాయాన్ని, దేవుడు కలలో చెప్పాడంటూ, కప్పు 500 షిల్లింగులకు ఇస్తే, రోడ్డు సరిగా లేని ఆ మారుమూలకు వేలాది వాహనాలు వరస కట్టాయి. రోగులు వరసలోనే చనిపోయారు, మంత్రులు సైతం వచ్చి తాగారు. పాస్టరు స్వార్థపరుడా అమాయకుడా అన్న చర్చ కంటే, పల్లె మనిషికి డాక్టరు ఎంత దూరమో ఆ వాహనాల వరస చెప్పింది.

చివరగా మండలాల ఎదుగుదల. 1963 జూన్ 19న ఏడు సంఘాలు కలిసి ఒక్క సంఘమైనప్పుడు స్టెఫానో మోషీ దానికి తొలి అధిపతి. ఆ ఏడు ఇప్పుడు ఇరవైకి పైగా డయాసిస్‌లు. పెరిగిన మండలం తనకు వేరే డయాసిస్ కావాలని అడగడం, దాని వెనుక జాతి, భాష, భూమి, నాయకుల పంతాలు కలగలిసి ఉండటం పాత కథే. 1990ల మొదట్లో మేరు పర్వత ప్రాంతంలో ఇది హింస దాకా వెళ్లి, చివరకు వేరే డయాసిస్ ఏర్పడింది. దగ్గరి బిషప్పు దగ్గరి పర్యవేక్షణ ఇస్తాడన్న వాదనలో నిజముంది. అయితే కొత్త డయాసిస్ అంటే కొత్త కార్యాలయం, కొత్త వాహనం, కొత్త జీతాల పట్టిక. వాటిని భరించేది మాత్రం విభజనకు ముందు ఉన్న అవే పేరిష్‌లు, అవే నంబరు కవర్లు. పైకి వెళ్లాల్సిన శాతం పెరిగినప్పుడు పేరిష్ కమిటీ మొదట కోసేది, ఎవరికీ ఎదురు చెప్పని ఉపసంఘపు సువార్తికుడి భత్యాన్నే.